తాగని కండక్టరు వెళ్ళిన శనివారం మీటింగు

నేను చుక్క ముట్టిన మనిషిని కాను. ఈ మాట మొదటే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే ధర్మవరం నుంచి హిందూపురం దాకా, ఆ దారిలో ఉన్న ఊళ్ళన్నిటిలో, ఒకప్పుడు ఈ మాట నమ్మినవాళ్ళు మా ఆవిడ తప్ప ఎవరూ లేరు. ఆమె కూడా నిజంగా నమ్మిందో, నా మొహం చూసి నమ్మినట్టు ఉండిందో నేను గట్టిగా చెప్పలేను.

ఎర్రబస్సులో కండక్టరుగా చేరి కండక్టరుగానే రిటైరయ్యాను. ఇప్పుడు డ్యూటీలో ఉన్న పిల్లలు చేతిలో మిషన్‌తో టిక్కెట్లు కొడుతున్నారు. మా రోజుల్లో చెవి మీద పెన్సిలు, చంకలో తోలు సంచి, చేతిలో టిక్కెట్ల కట్టలు. అవన్నీ చెప్పి మిమ్మల్ని విసిగించను. రిటైరైనవాడు మాట మొదలుపెడితే బండి స్టాండు దాటదని మీరు నవ్వుకుంటారని నాకు తెలుసు. మేమూ మా పెద్దవాళ్ళను చూసి అట్లాగే నవ్వుకున్నాం. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. అది నాతో పనిచేసిన ఒక డ్రైవరుది. చెప్పుకోమని అతనే అన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

తొంభైల చివర్లో నన్ను అతనికి జోడీ వేశారు. నాకంటే కొన్నేళ్ళు పెద్ద, అందుకని అన్నా అనేవాణ్ణి. చెన్నేకొత్తపల్లి దగ్గర పల్లె. సొంత భూములున్న పాత రైతు కుటుంబం. అతను స్టీరింగు పట్టుకుంటే గుంతల రోడ్డులో కూడా ఒళ్ళో బిడ్డ ఉన్న తల్లి కునుకు తీయగలిగేది. డ్యూటీలో తాగేవాడు కాదు. డ్యూటీ దిగాక తాగేవాడు. చిక్కేమిటంటే దిగిన డ్యూటీకీ ఎక్కే డ్యూటీకీ మధ్య ఉండేది ఒక్క రాత్రే. ఆయన తాగే లెక్కకు ఆ రాత్రి చాలేది కాదు. మద్యనిషేధం ఉన్న రోజుల్లో హిందూపురంలో రైలెక్కి కర్ణాటకలోని గౌరిబిదనూరు పోయి తాగి వచ్చేవాడట. "పోయేటప్పుడు కూచొని పోతాంటిమి అప్పా, వచ్చేటప్పుడు పండుకొని వస్తాంటిమి. రైలంతా మనోళ్ళే," అని నవ్వుతూ చెప్పేవాడు.

పొద్దున డ్యూటీ ఎక్కేముందు డిపో గేటు దగ్గర గొట్టంలో ఊదాలి. అందులో దొరికి ఒకసారి సస్పెండయ్యాడు, మళ్ళీ ఇంకోసారి దొరికాడు. డిపో మేనేజరు మంచివాడే. ఇద్దరినీ గదిలోకి పిలిచి, నన్ను సాక్షిగా నిలబెట్టి, ఇంకొక్కసారి ఊదుడులో దొరికితే ఉద్యోగం లేనట్టేనని తేల్చి చెప్పాడు. బయటికి వచ్చి డ్రైవరన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"భూములుండాయి కదన్నా," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"వానొస్తే పంట, రాకుంటే మంట. ఆ సేద్యం మా తమ్ముళ్ళు చూసుకుంటారు. నాకు తెలిసింది ఈ చక్రం ఒకటే అప్పా. ఇది పోతే నేనెవరు?" అన్నాడు.

వాళ్ళావిడ, నేను కలిసి ఆయన్ను బెంగుళూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. కొన్నాళ్ళు ఉంచుకుని పంపించారు. మనిషి చిక్కాడు గానీ చేతుల వణుకు పోయింది. వచ్చేటప్పుడు డాక్టరు ఒక మాట చెప్పాడు. మందులు చేసేది సగమేననీ, తాగుడు మానుకుంటున్నవాళ్ళు వారానికొకసారి కూర్చుని మాట్లాడుకునే మీటింగులు ఉంటాయనీ, మిగతా సగం అక్కడేననీ. "మీ వైపు హిందూపురంలో ఒకటి జరుగుతుందని విన్నాను," అన్నాడు. ఎక్కడో, ఎప్పుడో ఆయనకూ తెలియదు.

ఇప్పుడైతే మీరు ఫోను తీసి వెతుక్కుంటారు. అప్పుడు నోరే ఫోను. హిందూపురంలో బండి నిలిపిన ఒక మధ్యాహ్నం ఇద్దరం బయలుదేరాం. ఇద్దరం అంటున్నాను గానీ, ఆయన నాకు నాలుగు బారలు ఎడంగా, నాకూ తనకూ సంబంధం లేనట్టు సినిమా పోస్టర్లు చూసుకుంటూ నడిచాడు. ఆసుపత్రిలో కాంపౌండరును అడిగితే, "పోలియో మీటింగా? అది నిన్ననే అయిపాయ కదప్పా," అన్నాడు. ఆటో స్టాండులో అడిగితే ఏదో పార్టీ మీటింగుకు దారి చూపించారు. అడిగిన ప్రతివాడూ ముందు నా మొహం చూశాడు, తర్వాత నా కళ్ళు చూశాడు, ఆ తర్వాత వాసన వస్తుందేమోనని కొంచెం దగ్గరికి జరిగాడు.

విసుగెత్తి బజారులో నిలబడి ఉంటే ఎదురుగా బ్రాందీ షాపు కనిపించింది. సరే, ఈ సంగతి వీళ్ళకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అనుకుని కౌంటరు దగ్గరికి పోయాను.

"ఏమప్పా, తాగేది మాన్పించే మీటింగు ఒకటి ఈ ఊర్లో జరుగుతాదంట. నీకేమన్నా తెలుసునా?"

కౌంటరులో ఉన్నవాడు నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు. "తెలీకేమి? మా గిరాకీలు కొందరు ఆడికే పోతాండారు. శనివారం సాయంత్రం, చర్చి ఇస్కూలు ఎనక రూములో. పచ్చ గేటులోంచి పోవల్ల," అన్నాడు. ఆ తర్వాత, "పోయిరా అప్పా, మంచిదే. ఎట్లాగూ నాలుగు దినాలకు మళ్ళ ఈడికే వస్తావులే," అని దయగా అన్నాడు.

అప్పుడు మాకు ధర్మవరం నుంచి చెన్నేకొత్తపల్లి, పెనుకొండ మీదుగా హిందూపురం పోయే బండి. శనివారం రాత్రికి హిందూపురంలో నిలిపి తెల్లవారుతూనే తిరిగి తెచ్చే నైట్‌హాల్టు డ్యూటీ ఒకటి ఉండేది. దోమలకు భయపడి దానికి ఎవరూ పోటీ పడేవాళ్ళు కాదు. నేను పోయి అది మా ఇద్దరికీ వేయమని అడిగితే చార్టు రాసే గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. నైట్‌హాల్టు అంటే తాగేవాళ్ళకు దేవుడిచ్చిన రాత్రి అని డిపోలో సామెత. "ఆయన్ను తీసుకోని నైట్‌హాల్టుకా? నీకేమన్నా పిచ్చిపట్టిందా?" అన్నాడు. పట్టిందనే చెప్పాను.

మొదటి శనివారం గేటు దాకా వచ్చి ఆయన వెనక్కి తిరిగాడు. నేను చేయి పట్టుకున్నాను. "నువ్వూ లోపలికి వస్తే వస్తా. లేకుంటే లేదు," అన్నాడు. అది తాగేవాళ్ళ మీటింగు, నాకక్కడ పని లేదు. అయినా పోయాను. ఒకటో తరగతి పిల్లల గది. బెంచీలు ఎంత చిన్నవంటే కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. గోడ మీద అ ఆ ఇ ఈ బొమ్మలు. నడిపించే పెద్దాయన మిల్లులో పనిచేసి రిటైరైన క్రైస్తవుడు, తెల్ల జుట్టు, మెత్తని గొంతు. మడకశిర వైపు నుంచి ఒక రైతు వచ్చేవాడు. ఆయనకు తెలుగు అర్థమవుతుంది, మాట మాత్రం కన్నడంలోనే. "బాప్పా, కూత్కో," అని పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అక్కడ విన్నది అక్కడే వదిలి రావాలని వాళ్ళ నియమం, కాబట్టి వాళ్ళు చెప్పుకున్నవేవీ ఇక్కడ రాయను. నేను చెప్పింది రాయడానికి అడ్డం లేదు.

వరసగా ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పుకున్నారు. నా వంతు వచ్చింది. "నేను తాగనండి. ఈయనకు తోడొచ్చినా," అన్నాను.

గదంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. మడకశిర రైతు తువ్వాలతో కళ్ళు తుడుచుకుని, "నానూ మొదలు హంగే హేళిద్దె," అన్నాడు. నేనూ మొదట్లో అట్లే చెప్పినాను అని. పెద్దాయన మాత్రం గంభీరంగా, "తొందరేమీ లేదు నాయనా. ఒప్పుకోబుద్ధి అయినప్పుడే ఒప్పుకో," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పక్కకు తిరిగి చూస్తే మా డ్రైవరన్న నవ్వుతున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన పళ్ళు కనిపించడం అదే మొదలు. దాంతో నా మంట చల్లారింది.

ఆయన వంతు వచ్చినప్పుడు, "నేను తర్వాత చెప్తా," అన్నాడు. ఆ తర్వాతి శనివారమూ అదే మాట. నెలలు గడిచినా అదే మాట. నేను తాగననడం, అందరూ నవ్వడం, ఆయన తర్వాత చెప్తాననడం, చివర్లో అందరం టీ తాగి బొరుగులు తినడం. ఇదీ మా శనివారం. కానీ వారమంతా ఆయన తాగేవాడు కాదు. పొద్దున గొట్టంలో ఊదేటప్పుడు నేను దేవుడికి దండం పెట్టుకునేవాణ్ణి, మిషన్ ఏమీ అనేది కాదు. మెల్లగా పెద్దాయనకు నా సంగతి నిజమేనని అర్థమైంది. "తోడు లేకుంటే రాడంటే తోడుతోనే రానీలే," అన్నాడు.

ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటు ఒకటి పడింది. ఆయన మీటింగు అయ్యాక వెంటనే బయటికి వచ్చేవాడు కాదు. చీకటి పడనిచ్చి, తలకు తువ్వాల చుట్టుకుని వెనక సందులోంచి పోయేవాడు. నేను దర్జాగా పచ్చ గేటులోంచి వచ్చేవాణ్ణి. చెన్నేకొత్తపల్లి వాళ్ళెవరో పెళ్ళి బట్టలకు హిందూపురం వచ్చి నన్ను చూశారు. ఆ గదిలో ఏం జరుగుతుందో కూడా కనుక్కున్నారు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నేను ఏకంగా తాగుబోతుల మధ్య కూర్చుని టీ తాగి వస్తున్నాను.

మా అత్తగారిది ఆ వైపే. ఆమె దిగబడింది. అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడడం మా ఇళ్ళలో లేదు. అందుకని వంటింట్లో కూతురి ముందు నిలబడి, వీధి గదిలో ఉన్న నాకు వినపడేంత గట్టిగా అడిగింది. "తాగుతాడని ఒకరంటారు, మతం మారినాడని ఒకరంటారు. రెండిట్లో ఏదో ఒకటే చేయమనమ్మా. రెండూ అంటే ఊర్లో నేను తలకాయ ఎత్తుకోలేను!"

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక చెంబు కింద పడేసింది. అసలు సంగతి ఆమెకు ఒక్కదానికే చెప్పాను. "అనుకునేటోళ్ళను అనుకోనీ. ఆ మనిషి నిలబడితే చాలు," అంది. ఈ మాటకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను.

ఈ గోల మా డ్రైవరన్న చెవిన పడింది. "నా పేరు చెప్పేయరాదా అబ్బా," అన్నాడు.

"చెప్తే మీటింగుకు వస్తావా?"

"రాను," అన్నాడు.

మీకు ఇది వింతగా ఉండొచ్చు. ఆయన తాగుతాడని ఊరందరికీ తెలుసు, దానికి ఆయన సిగ్గుపడలేదు. మగవాడు తాగితే ఏముంది అనే ఊళ్ళు మావి. తాగుడు మానడానికి ఒకచోటికి పోయి కూర్చుంటాడని తెలిస్తే మాత్రం తలకొట్టేసినట్టే. పడిపోవడం పరువు తక్కువ కాదు, లేపమని చేయి చాచడం పరువు తక్కువ. అయితే ఊరుకో, నా పేరే ఉండనీ అని చెప్పాను.

ఆ తర్వాత చార్టు మారింది. నైట్‌హాల్టు తీసేశారు. మాకు ధర్మవరం, పెనుకొండల మధ్య తిరిగే బండి ఇచ్చారు. మధ్యాహ్నం బువ్వకు పెనుకొండలో కాసేపు నిలుపు, మళ్ళీ ధర్మవరం. శనివారం సాయంత్రం హిందూపురంలో మీటింగుకు కూర్చుంటే ఇంటికి రావడానికి బండి లేదు. డ్యూటీలు మార్చుకుని ఒకటి రెండుసార్లు పోయాం గానీ ఎన్నాళ్ళని మారుస్తారు? చివరిసారి పోయినప్పుడు మిల్లు పెద్దాయన, "మీ పక్కనే ఒకటి పెట్టుకోండి. తాగేటోళ్ళు ఇద్దరుంటే చాలు మీటింగుకు," అన్నాడు. మా దగ్గర ఉన్నది ఒక్కడే.

వారాలు గడిచేకొద్దీ ఆయన మాట తగ్గింది. ఒక మధ్యాహ్నం పెనుకొండలో బువ్వ తిని చేయి కడుక్కుని చూస్తే మనిషి లేడు. వెతుక్కుంటూ పోయాను. స్టాండు పక్క వీధిలో బ్రాందీ షాపు ఎదురుగా, ఎండలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం చేస్తాండావన్నా?"

"ఏమీ లేదు. నిలబడి ఉండా."

"ఎంతసేపయింది?"

"నువ్వు వస్తావేమోనని చూస్తాండా," అన్నాడు. ఆయన చేయి పట్టుకుని వెనక్కి తిప్పాను. ఒక్క అడుగు ముందుకు వేసుంటే మర్నాడు గేటు దగ్గర ఉద్యోగం పోయేది. ఆ అడుగు నేను రాకముందు వేసుంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. బండి దాకా ఇద్దరం నడిచాం. స్టీరింగు ముందు కూర్చుని, "ఇట్లయితే నేను నిలబడలేనప్పా. మా ఊర్లోనే నలుగురిని పోగేస్తా," అన్నాడు.

వాళ్ళ ఊరి సర్పంచి ఆయనకు వరసకు మామ. ఊరి బడిలో ఆదివారం ఒక గది కావాలి, నలుగురం కూర్చుని మాట్లాడుకుంటాం అని ఆయన్ను అడిగాడట. "నువ్వు దిగులు పడొద్దు అల్లుడా, అంతా నేను చూసుకుంటా," అన్నాడట ఆ మామ. ఆయన చూసుకున్నాడు. ఆ ఊళ్ళో రేషను కిరసనాయిలు వచ్చినా, పిల్లలకు చుక్కల మందు వేసినా, పన్ను కట్టాల్సి వచ్చినా దండోరా వేయించడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీనే దీనికీ పాటించాడు. శనివారం సాయంత్రం తప్పెట కొట్టుకుంటూ ఊరంతా తిరిగి చాటించారు: "రేపు పొద్దున బడి కాడ తాగేటోళ్ళ మీటింగు! తాగే మొగుడుండే ఆడోళ్ళు మొగుళ్ళను పిల్చుకోని రావల్లహో!"

నేను ఆదివారం పొద్దున పోయేసరికి బడి ముందు షామియానా, మైకు, కుర్చీలు. ఊరి ఆడవాళ్ళు మొగుళ్ళను చొక్కాలు పట్టుకుని తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టి, పారిపోకుండా వెనక వాళ్ళు కూర్చున్నారు. తల ఎత్తిన మగవాడు లేడు. చూడడానికి వచ్చినవాళ్ళు ప్రహరీ గోడ ఎక్కి కూర్చున్నారు. మా డ్రైవరన్నను సర్పంచి పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మొహంలో రక్తం లేదు. సర్పంచి మైకు పట్టుకుని, "మన అల్లుడు తాగేది మానేసినాడు. మన ఊరికి గర్వకారణం," అని చెప్పి, ఆయన మెడలో ఇంత లావు బంతిపూల దండ వేశాడు.

గోడ మీదినుంచి ఎవరో అరిచారు. "మొన్నటి దాకా బత్తలపల్లి రోడ్డులో కాలవలో పండుకొని ఉంటివి కదప్పా! ఈపొద్దు దండేసుకొని కూచున్నావే!"

అందరూ నవ్వారు. తలవంచుకున్న మగవాళ్ళు కూడా నవ్వారు, తమ మీదినుంచి చూపు మళ్ళినందుకు. నేను లేచాను. ఆయన చేయి పట్టుకుని లాక్కుపోదామనుకున్నాను. ఈ రోజుతో ఇంత కాలం పడిన పాటు గంగలో కలిసిందని, ఇక్కడినుంచి ఈయన నేరుగా బ్రాందీ షాపుకే పోతాడని నాకు నమ్మకం కుదిరిపోయింది.

ఆయన నిలబడ్డాడు. దండ తీసి కుర్చీ మీద పెట్టాడు. మైకు అవతలికి జరిపాడు.

"వాడు చెప్పింది నిజమే," అన్నాడు. "కాలవలో పండుకొని ఉంటి. నేను తాగుబోతును. మానేసినానని దండేసినారు. మానేయలా. మానుకుంటాండా. ఈపొద్దు తాగలేదు, అంతే. మొన్న పెనుకొండలో బ్రాందీ అంగడి ముందర నిలబడుకొని ఉంటి. మా కండక్టరు వచ్చినాడు కాబట్టి ఎనక్కి వస్తి. ఈయప్పను అందరూ తాగుబోతు అంటాండారు. ఈయప్ప ఎప్పుడూ తాగల్యా. నా కోసరం అనిపించుకుంటాండాడు."

ఆయన ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు ఈళ్ళను ఈడ్చుకొని వచ్చినారు. నన్ను కూడా మా ఇంట్లో ఎన్నోసార్లు ఈడ్చినారు. ఈడిస్తే మానేది కాదమ్మా ఇది. ఎవురికి వాళ్ళకు కాళ్ళు రావల్ల. ఇండ్లకు పంపించేయండి. మీటింగు లేదు, ఏమీ లేదు."

హిందూపురంలో నెలల తరబడి తర్వాత చెప్తానన్న మనిషి, నలుగురి ముందు నోరు విప్పనివాడు, ఊరందరి ముందు చెప్పేశాడు. చెప్పి మెట్లు దిగి ఇంటికి నడిచాడు. సర్పంచి మైకు ముందు దగ్గాడు. వాళ్ళావిడ జనం వెనకాల నిలబడి ఉంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని నా దగ్గరికి వచ్చి, "బువ్వ తినేసి పోదువు రాన్నా," అంది. రాగి సంగటి, నంజుకోవడానికి శెనక్కాయ ఊరిబిండి పెట్టింది. ఆయన రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

సోమవారం నుంచి మా బండిలో ఒక వింత మొదలైంది. ఆ ఊళ్ళో ఎక్కిన ఒక మనిషి టిక్కెట్టు తీసుకుంటూ నా చెవి దగ్గరికి వంగి, "ఆ హిందూపురం మీటింగు యాడబ్బా జరిగేది?" అని అడిగాడు. ఆదివారం పెళ్ళాం చొక్కా పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టినవాళ్ళలో ఒకడు. రెండ్రోజుల తర్వాత ఇంకొకడు ఏకంగా డ్రైవరు సీటు పక్కన నిలబడి, "మళ్ళ పెడితే చెప్పన్నా. దండోరా మాత్రం వద్దు," అన్నాడు. దండోరా వేయించినందుకు సర్పంచిని తిట్టుకున్నాం గానీ, ఒకటి ఒప్పుకోవాలి. అది లేకపోతే ఆయన ఆ మాట ఊరి ముందు అనేవాడూ కాదు, వీళ్ళు వినేవాళ్ళూ కాదు.

మీటింగుకు మనుషులు దొరికారు. చోటు లేదు. ఏ గదిలో కూర్చున్నా ఎవరో ఒకరు చూస్తారు. పెనుకొండలో మధ్యాహ్నం బండి నిలిపి గోడ నీడకు పెట్టాక ఇద్దరం సీట్లలో కూర్చుని దీని గురించే మాట్లాడుకుంటున్నాం. ఆయన చుట్టూ చూసి, "ఈడనే కూచుంటే?" అన్నాడు.

"యాడ?"

"ఈడనే. బస్సులో."

నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. మా ఊళ్ళలో మనిషి గుడికి పోతే మొక్కేమని అడుగుతారు, ఆసుపత్రికి పోతే రోగమేమని అడుగుతారు. బస్సెక్కి కూర్చుంటే మాత్రం బస్సుకు కూర్చున్నాడు అనుకుంటారు. పొద్దున బండికి సంతకని ఎక్కి, పెనుకొండలో మా బువ్వ వేళ కూర్చుని మాట్లాడుకుని, అదే బండికి ఇల్లు చేరొచ్చు. దూరం నుంచి చూసినవాడికి వాళ్ళు బండి బయలుదేరడం కోసం కాచుకున్న ప్యాసింజర్లు.

మొదటి శనివారం హిందూపురం నుంచి మిల్లు పెద్దాయన పనిగట్టుకుని వచ్చాడు. కిటికీ పక్క సీటులో కూర్చుని, ముందు సీటు కడ్డీ పట్టుకుని, "మా ఇస్కూలు బెంచీల కంటే ఇదే మేలబ్బా," అన్నాడు. ఊరివాళ్ళు ముగ్గురు, డ్రైవరన్న, పెద్దాయన, తాగని నేను. స్టాండు కంట్రోలరు వచ్చి, బండి నిలుపులో ఉంటే వీళ్ళెందుకు ఎక్కారని అడిగాడు. ఎండకు కూర్చున్నారని చెప్పాను. సరేలే అని వక్కాకు నములుకుంటూ పోయాడు. ఆ వారం నుంచి ప్రతి శనివారం మా ఎర్రబస్సు మీటింగు గదైంది. మనుషులు పెరిగారు, కొందరు రావడం మానేశారు, మానేసినవాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చారు.

నేను ఆయన పక్క సీటులోనే కూర్చునేవాణ్ణి. ఆయన మాట్లాడేటప్పుడు మధ్యమధ్యలో నా వైపు చూసేవాడు, తడబడితే నేను తలూపేవాణ్ణి. అలా ఎంతకాలం గడిచిందో గుర్తు లేదు. వేరుశెనగ పీకే రోజులని మాత్రం గుర్తుంది. ఒక శనివారం బండి నిలిపాక కొత్త మనిషి ఒకడు ఎక్కాడు. వయసు చిన్నది, చేతులు వణుకుతున్నాయి, ఎవరి వైపూ చూడడం లేదు. నన్ను చూడగానే, ఖాకీ చొక్కా చూసి కాబోలు, దిగిపోబోయాడు. డ్రైవరన్న లేచి వాడి భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు రోంతసేపు కిందికి దిగప్పా," అన్నాడు మెల్లగా. "నువ్వుంటే వానికి నోరు రాదు. ఇది తాగేటోళ్ళ మీటింగు."

"మరి నేను లేకుండా నువ్వు?" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

"నేనుంటాలే," అన్నాడు.

దిగి తలుపు వేశాను. కిటికీలకు దూరంగా జరిగాను, మాటలు వినపడకుండా. టమాటా గంప నెత్తిన పెట్టుకుని ఒకామె వచ్చి ఎక్కబోతే అడ్డం నిలబడ్డాను.

"లోపల జనముండారు కదా, నన్నేంటికి ఎక్కనీవు?" అంది.

"వాళ్ళు ముందే ఎక్కినారమ్మా. బండి ఇప్పుడే పోదు, నీడకు కూచో."

"డ్రైవరేడి?"

"లోపలుండాడు," అన్నాను.

ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా గేటు దగ్గర గొట్టం ముందు అందరికంటే ముందుగా పోయి నిలబడేవాడు. ఒక్కరోజు కూడా మిషన్ అరవలేదు. చివరి డ్యూటీ దిగిన రోజు డిపోలో అందరూ కలిసి దండ వేస్తే ఈసారి తీయకుండా ఇంటిదాకా వేసుకుని పోయాడు. అవన్నీ తర్వాతి సంగతులు. నాకైతే ఆ మధ్యాహ్నం పెనుకొండ స్టాండులో, తలుపు ఇవతల ఉన్నప్పుడే ఆయన నిలబడ్డాడని తెలిసిపోయింది.

ఉద్యోగమంతా టిక్కెట్టు లేనివాళ్ళనీ గొడవ పడినవాళ్ళనీ ఎందరినో బస్సు దించాను. నన్ను నా బస్సులోంచి దించినవాడు ఆయనొక్కడే. అంత సంతోషంగా నేను ఏ బస్సూ దిగలేదు.